ఇంకొక్క ఫోటో

నిన్న సాయంత్రం నానబెట్టిన టర్కీ టవల్‌ను పొద్దున్నే మళ్ళీ ఉతుకుతున్నాను. సర్ఫు వేశాను, నిమ్మచెక్క రుద్దాను, వేడినీళ్ళు పోశాను. నీచు వాసన పోలేదు. బకెట్ వంచినప్పుడల్లా అడుగున ఇన్ని పొలుసులు, కత్తిరించిన గోళ్ళలాగా మిగులుతున్నాయి. మా అత్తమ్మ కాంతవ్వ గడపలో నిలబడి, “పారెయ్యరాదే సుమలతా, ఒక్క టవల్‌కు గింత సబ్బు దండుగ” అంది. ఆమె చెప్పింది సబబే. పారేయడానికి నాకే చేతులు రాలేదు. పారేస్తే చేసిన పనిని దాచినట్టవుతుంది. అప్పటికే ఒకటి దాచి వచ్చాను.

మా ఆయన మహిపాల్ మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్‌లో కౌన్సెలర్. ఏ కోర్సు చేస్తే ఏ ఉద్యోగం వస్తుందో వచ్చిన పిల్లలకు నమ్మకంగా చెబుతాడు. ఆదివారాలు గాలం వేస్తాడు. ఆయన క్లబ్బులో వాళ్ళు చేపను తినడానికి పట్టరు. పడతారు, ఫోటో దిగుతారు, నీళ్ళల్లో వదిలేస్తారు. “మేము ప్రాణం తియ్యం అన్నా” అని ఎవరితో చెప్పినా ఆయన గొంతు కాస్త మెత్తబడుతుంది. నా గురించి చెప్పేటప్పుడు కూడా అదే మెత్తని గొంతు. “నేనెన్నడు అడ్డం చెప్పలే. జాబ్ చేస్తనంటే చెయ్యమన్న. ఫుల్ ఫ్రీడమ్ ఇచ్చిన.” ఆ ఫ్రీడమ్‌లో పొద్దున టిఫిన్లు, బాక్సులు, అత్తమ్మ మందులు, తర్వాత అమీర్‌పేటలో ఉద్యోగం, సాయంత్రం పంజాగుట్ట కూరగాయల సంచి మోసుకుంటూ మళ్ళీ పొయ్యి దగ్గరికి. ఆదివారమైతే క్లబ్బు వాళ్ళందరికీ పులిహోర, చికెన్ ఫ్రై, ఆపైన ఫోటోలు. వాళ్ళ వాట్సాప్ గ్రూపులో మాత్రం నేను లేను. ఆడవాళ్ళను మెంబర్లుగా తీసుకోరు.

ఫోటోలు నేను తీయడానికి కారణముంది. నా ఉద్యోగమే అది. చలపతిరావు గారి స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫోటోలు, వీసా ఫోటోలు తీస్తాను. కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ ముందు ఒక టిష్యూ ఇస్తాను. “ముఖం తుడుచుకోండి, మెరుస్తోంది” అనే మాట నా నోట్లో ఊతపదమైపోయింది. జిడ్డు మీద లైటు పడితే ఆ చోటు తెల్లగా పేలిపోతుంది, తర్వాత కంప్యూటర్లో ఎంత కొట్టుకున్నా చర్మం రాదు. అందుకే ముందు తుడిపిస్తాను. ఆ తర్వాత కళ్ళ కింద నలుపు తీస్తాను, మొటిమలు తీస్తాను, నుదుటి గాటు తీస్తాను. నా చేయి పడ్డాక ఏ ముఖం మీదా రాత్రి నిద్రలేదన్న సంగతి కనిపించదు.

నిన్న సంగారెడ్డి అవతల మంజీర ఒడ్డుకు వెళ్ళాం. పొద్దెక్కాక మహిపాల్ గాలానికి బొచ్చె చేప పడింది. ఇన్నేళ్ళలో ఆయనకు అంత పెద్దది పడడం అదే మొదలు. అందరూ మూగారు. ఆయన దాన్ని రెండు చేతులమీద ఎత్తి, ఇంకా పెద్దగా కనపడాలని ముందుకు చాచి నిలబడ్డాడు. నేను కెమెరాలోంచి చూశాను. తడి ఒంటిమీద ఎండ పడి పక్కంతా తెల్లగా పేలిపోతోంది.

“ఆగు, మెరుస్తుంది,” అన్నాను. “తుడువు.”

టవల్ విసిరింది నేనే. ఆయన చేపను గడ్డిమీద పెట్టి, బండి తుడిచినట్టు గట్టిగా తుడిచి మళ్ళీ ఎత్తాడు. ఇప్పుడు పొలుసులు ఒక్కొక్కటి విడిగా, ముచ్చటగా కనిపిస్తున్నాయి. తీశాను. చేప కంటిలో వెలుగు పడలేదు. జర ఇటు తిప్పమన్నాను. తిప్పాడు. తోక వాలింది, ఎత్తమన్నాను. ఇంకొక్కటి అన్నాను. ఇంకొక్క ఫోటో, అంతే అన్నాను. చేప నోరు తెరుస్తోంది, మూస్తోంది. అది ఊపిరి కోసమని తెలియనంత అమాయకురాలిని కాను. కానీ ఆ క్షణంలో నాకు దాని నోరు కూడా కోణమే. తెరిచినప్పుడు బాగుందా, మూసినప్పుడు బాగుందా అని చూస్తున్నాను. వెనకనుంచి క్లబ్బు ప్రెసిడెంటు హనుమత్ ప్రసాద్ గారు స్క్రీన్‌లోకి తొంగిచూసి, “మేడమ్ చేతిలో ఏదో ఉందండీ” అన్నారు. నా ఒళ్ళు పులకరించింది. ఇంట్లో ఉప్పు ఎక్కువైందన్న మాట తప్ప నా చేతి గురించి ఎవరూ ఏమీ అనరు. ఆ ఒక్క మాట కోసం నేను ఇంకొన్ని తీశాను. ఇప్పుడు ఆ పులకరింత తలచుకుంటేనే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

వదిలారు. చేప ఒక పక్కకు ఒరిగి, సర్దుకుని, లోతుకు పోయింది. చప్పట్లు కొట్టారు.

భోజనాలయ్యాక మగవాళ్ళు చెట్ల కింద ఒరిగారు. గిన్నెలు కడగడానికి నేను ఏటి అంచుకు దిగాను. గడ్డి పక్కన నీళ్ళు కదిలాయి. అదే బొచ్చె. వెల్లకిలా పడలేదు గానీ సగం ఒరిగి ఉంది. తుడిచిన పక్క మెరుపు పోయి, పాత సత్తు గిన్నెలాగా మసకబారింది. గిన్నె వదిలేసి రెండు చేతులూ దానికింద పెట్టాను. నిలబెట్టి పట్టుకుని, ముఖం నీటివాలుకు ఎదురుగా తిప్పాను. మొప్ప ఒకసారి తెరుచుకుంది. మళ్ళీ తెరుచుకోలేదు. ఎంతసేపు అట్లా వంగి ఉన్నానో నాకు తెలియదు, నడుము పట్టేసింది.

ఎవరినీ పిలవలేదు. మనసులో మొదట మెదిలింది చేప కూడా కాదు. అయ్యో, ఇప్పుడు ఆ ఫోటో ఏం కావాలి అనుకున్నాను. అటూ ఇటూ చూసి, పులిహోర వడ్డించిన గరిటెతోనే దాన్ని గుర్రపుడెక్క ఆకుల కిందికి తోసేశాను. గరిటె కడిగి సంచిలో వేసుకున్నాను. పైకి వచ్చేసరికి మహిపాల్ లేచి ఉన్నాడు. “గింత లేటా?” అన్నాడు. “జిడ్డు పోలేదు” అన్నాను.

ఇంటికి వచ్చే దారిలోనే ఆయన స్టేటస్ పెట్టాడు. ‘పట్టుకోవడం బలం. వదిలెయ్యడం సంస్కారం.’ అంతలోనే ప్రెసిడెంటు గారు ఫోన్ చేశారు. శనివారం సోమాజిగూడలో క్లబ్బు ఫోటోల ఎగ్జిబిషన్ ఉంది. వాకిట్లోనే నిలువెత్తున ఈ ఫోటో పెడతారట. మహిపాల్ స్టీరింగ్ మీద దరువు వేశాడు. వచ్చే ఏడు ఆయన క్లబ్బు సెక్రటరీ కావాలనుకుంటున్నాడు. ఆ నిలువెత్తు ప్రింటు వేయవలసింది మా స్టూడియోలో, నేను.

అందుకే టవల్‌ను అట్లాగే బకెట్లో వదిలి పనికి పోయాను. స్టూడియోలో ఫైలు తెరిచి పెద్దది చేసి చూశాను. పెద్దది చేస్తే ఏదీ దాగదు. పొట్ట పక్కన టవల్ పోయిన దారి స్పష్టంగా ఉంది. పొలుసులు లేచిపోయిన చోటు, కింద ఎర్రటి చుక్కలు. నిన్న అందంగా కనిపించింది అదే. మహిపాల్ మెసేజ్ వచ్చింది. ‘పొట్ట కాడ ఏదో మచ్చ ఉన్నది. జర తీసెయ్.’ చలపతిరావు గారు భుజం మీదుగా చూసి, “ఏంటమ్మా ఇంకా? నీకు నిమిషం పని కదా అది” అన్నారు. నిజంగా నిమిషం పని. పక్కనున్న మంచి పొలుసులు తెచ్చి దానిమీద అతికిస్తే చాలు.

మౌస్ మీద చేయి పెట్టి ఆగిపోయాను. నిన్నటి ఫోటోలన్నీ తీసిన వరుసలోనే తెరిచాను. స్టూడియోలో జనానికి నేనే చెబుతాను, ఊపిరి బిగబట్టండి, కదలకండి అని. ఇప్పుడు నేను బిగబట్టాను. ఒక్కొక్క ఫోటోకు మధ్య నిన్న నేను ఎంత ఆగానో అంత ఆగుతూ జరుపుకుంటూ పోయాను. తిప్పు. ఎత్తు. ఇంకొక్కటి. సగానికి కూడా చేరకముందే కళ్ళు చీకట్లు కమ్మి, గట్టిగా దగ్గాను. ఫోటో కోసం వచ్చి కుర్చీలో కూర్చున్న అమ్మాయి బెదిరి, “నీళ్ళు కావాలా మేడమ్?” అంది. వద్దన్నాను. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం అన్నం పెడుతూ మహిపాల్‌ను అడిగాను. “చేపను తుడిస్తే ఏమైతది?”

“ఏమైతది? ఒంటిమీద జిగురు ఉంటది, అది పోతే రోగమొస్తది. గందుకే చేతులు తడుపుకోని పట్టాలె, నీళ్ళల్లనే ఉంచి ఫోటో తియ్యాలె అని రూల్సు. గ్రూపుల పెట్టిన్రు.”

“మరి నేను టవల్ ఇస్తే ఎందుకు చెప్పలే?”

“నువ్వే గద మెరుస్తుంది అన్నవు,” అని నవ్వాడు. “ఫోటో మంచిగ రావాలె గదనే.”

“అది సచ్చిపోయింది,” అన్నాను. “నేను చూసిన.”

ముద్ద చేతిలోనే ఆగింది. ఆయన అడిగిన మొదటి మాట, “ఎవరన్న చూసిండ్రా?” నిన్న ఏటి ఒడ్డున గరిటె పట్టుకుని నేను వెతికింది కూడా అదే కదా. “సప్పుడు చెయ్యకు,” అన్నాడు. “మచ్చ తీసేసినవా?”

పోయినేడు మా బావ గృహప్రవేశం గుర్తొచ్చింది. పొయ్యి దగ్గర పూరీలు వేస్తుంటే మహిపాల్ వచ్చి చేయి పట్టుకుని హాల్లోకి లాక్కుపోయాడు. “మొఖం మస్తు మెరుస్తుంది” అని తన కర్చీఫ్‌తో అందరి ముందూ నా ముఖం తుడిచాడు. ఆడవాళ్ళంతా ముచ్చటపడ్డారు, “ఎంత మంచిగ చూస్కుంటుండో సూడు” అన్నారు. ఫోటో అయిపోయాక, “ఇగ పో, పూరీలు మాడుతున్నయ్” అన్నాడు. ఆయన ఫోన్లో ఇప్పటికీ డీపీ అదే. పట్టుకొచ్చి, తుడిచి, ఫోటో దిగి, మళ్ళీ వంటింట్లో వదిలిపెట్టడం. ఆయన దృష్టిలో నాకు ఇచ్చిన స్వేచ్ఛ అదే. పట్టుకోకపోతే ఆ వదిలిన గొప్ప ఎక్కడినుంచి వచ్చేదని ఆయన ఎన్నడూ ఆలోచించలేదు.

ఆ చేపను నేనే అనుకుని కాసేపు ఏడిస్తే ఎంత హాయిగా ఉండేదో. గిన్నెలు తోముతూ అట్లా అనుకోబోయాను కూడా. మనసు ఒప్పుకోలేదు. నన్ను తుడిచినప్పుడు నాకు ఎట్లా ఉంటుందో తెలిసిన దాన్ని నేను. తెలిసీ, ఒక మెప్పు దొరికేసరికి, నోరులేని జీవిని పట్టుకుని అదే మాట అన్నాను. ఆయన చేతుల్లో చేప ఉంది, నిజమే. టవల్ నా చేతిలోనిదే.

మర్నాడు ప్రింటు వేశాను. మచ్చ తీయలేదు. కింద తెల్లటి పట్టీలో ఎప్పుడూ ఆయన పేరు, క్లబ్బు పేరు ఉండేవి. ఈసారి ఇట్లా రాశాను: ‘ఈ బొచ్చె ఆ మధ్యాహ్నమే చచ్చిపోయింది. ఫోటోకి మెరుస్తోందని తుడిపించాను, ఇంకొక్కటి ఇంకొక్కటి అని నీళ్ళబయట ఉంచాను. పొట్టమీద కనిపించేది టవల్ చేసిన మచ్చ. ఫోటో: సుమలత.’ చలపతిరావు గారు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

సాయంత్రం మహిపాల్ వచ్చాడు. ప్రింటు విప్పి చదివాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు.

“నన్ను బద్నాం చేస్తున్నవా?”

“నీ పేరు ఎక్కడుంది అందుల? శనివారం నేనే తీస్కపోయి ప్రెసిడెంట్ సార్‌కు ఇస్త. పెడితే పెడ్తరు, లేకుంటే లేదు.”

“వచ్చే ఆదివారం?”

“వస్త. చేపను నీళ్ళల్ల ఉంచే పట్టు, తీస్త. ఎత్తినవంటే కెమెరా లోపల పెడ్త. పులిహోర మాత్రం మీరే చేస్కోండ్రి.”

ఆయన ఆ చివరి మాట వినలేదు. కళ్ళు ఇంకా పట్టీ మీదే ఉన్నాయి. కోపం కంటే ఆశ్చర్యంగా అడిగాడు. “గిన్నేండ్ల సంది గన్ని మంచి ఫోటోలు తీసినవు. ఒక్కదానికన్న పేరు వెయ్యమని అడగలే. పోయి పోయి గీ సచ్చిన చేపకెందుకే నీ పేరు?”

“తుడువమన్నది నేనే గద,” అన్నాను.