మొండెప్ప ఆఖరి భాగం

నలభై వంకాయలకు తొడిమలు తీసేసరికి పది దాటింది. ఒక్కో తొడిమ ఎగిరి పళ్ళెంలో పడ్డప్పుడల్లా గోవిందప్ప తనలో తాను నవ్వుకున్నాడు. గుంతకల్లు రన్నింగ్ రూములో, అంటే రైళ్ళు నడిపేవాళ్ళు డ్యూటీల మధ్య తిని పడుకునే బసలో, ముప్పై ఏళ్ళుగా అతనే వంటవాడు. పొట్టి మనిషి. ఆవిరికి కనుబొమ్మలు పలచబడ్డాయి, కుడి బొటనవేలికి పసుపు వదలదు. ఈ రోజుతో రిటైరవుతున్నాడు. అతని బెంగ మాత్రం వేరే. మధ్యాహ్నం మూడింటికి టీవీలో బొమ్మల సీరియల్ ఆఖరి భాగం వస్తుంది. సరిగ్గా మూడింటికే అతనికి సన్మానం పెట్టారు.

అది పిల్లలు చూసే బొమ్మలాట కాదు. హీరోకు రోజూ తల తెగుతుంది. మొండెం లేచి తడుముకుని, దొరికిందేదో మెడమీద పెట్టుకుంటుంది. ఒకరోజు అలారం గడియారం, ఒకరోజు ఏడుస్తున్న చేప. చేతులకు బదులు కత్తెరలున్న ఆడది వెంటపడి దాన్నీ కోసేస్తుంది. నెత్తురు వాన కురుస్తుంటే కుందేళ్ళు గొడుగులేసుకుని పోతాయి. అది ఏ దేశపు భాషో ఎవరికీ తెలియదు. గోవిందప్పే వాళ్ళకు మొండెప్ప, కత్తెరక్క అని పేర్లు పెట్టి, మాటలు కల్పించాడు. చూస్తూ చూస్తూ గూడ్సుకు పిలుపొచ్చి లేచిపోయిన డ్రైవర్లు, రెండు రోజులకు తిరిగొచ్చి, చేతులైనా కడుక్కోకుండా తర్వాత ఏమైందని అడిగేవాళ్ళు. చారు పోస్తూ, గరిటె ఝళిపిస్తూ చెప్పేవాడు. ఇంట్లో భార్య మారెక్క ముందు నాలుగు మాటలు పలకని మనిషి! చెనిక్కాయ పంట ఎండిపోయి ఈ కొలువుకొచ్చినవాడికి, తన మాట కోసం మనుషులు కాచుకుని ఉండటం ఎంత సంతోషమో.

ఫోన్లో చూసుకోవచ్చు కదా అని లోకో పైలట్ సురేంద్రకు ఎవరో సలహా ఇచ్చారు. చూశాడట, రుచించలేదట.

"గోవిందన్న చెప్తేనే వాళ్ళు మనోళ్ళ మాదిరి ఉంటారు" అన్నాడు.

మూడింటికి సూపర్‌వైజర్ రామాంజనేయులు దండ వేసి ఉపన్యాసం మొదలుపెట్టాడు. టీవీలో శబ్దం ఆపారు గానీ బొమ్మ ఆపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆయన క్రమశిక్షణ గురించి చెబుతుంటే వెనకాల టీవీలో మొండెప్ప చెయ్యి తెగి గాలిలోకి ఎగిరింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మురిసిపోయి ఇంకాస్త పొడిగించాడు. మూడోసారి చప్పట్లకు అనుమానమొచ్చి వెనక్కి చూశాడు. చూసి, మెల్లగా కుర్చీలో కూర్చుని, మిగతాది తర్వాత మాట్లాడుకుందామన్నాడు.

ఇంకో పది నిమిషాలుందనగా సురేంద్రకు పిలుపు వచ్చింది. సంచీ భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

"ఎల్లుండి వస్తానన్నా. ఏమయిందో చెబుదువు."

"పోయి రాప్పా, చెప్తా."

ఇద్దరూ అలవాటు కొద్దీ అన్న మాటలే. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. సురేంద్ర తల వంచుకుని మెట్లు దిగాడు.

గోవిందప్ప కళ్ళు తుడుచుకుని సీరియల్ చివరిదాకా చూశాడు. సొంతూరు కళ్యాణదుర్గం పోయే బస్సుకు అరగంట ఉంది. రోజూ వంటకాలు రాసే నల్లబోర్డును శుభ్రంగా తుడిచి, సుద్దముక్క తీసుకున్నాడు. రాయడం అయ్యాక దండ సంచీలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వెనక గేటు గుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు కొత్త వంటవాడు తిప్పయ్య తడిగుడ్డ పట్టుకుని వచ్చాడు. బోర్డు చదివాడు. మళ్ళీ చదివాడు. పప్పు, చారు అని పక్కన గోడమీదే రాసుకున్నాడు.

"సురేంద్రకు. మొండెప్ప సావలేదు. కత్తెరక్కకు చేతులు నొప్పి పుట్టినాయి. ఇంక చాలప్పా అని నిలబడిపోయింది. వాడు తల ఎతుక్కునేది మానుకున్నాడు. ఇద్దరూ రోడ్డు పక్కన హోటల్ పెట్టినారు. ఆమె కూరగాయలు కోస్తాది, వాడు వండుతాడు. కుందేళ్ళు వచ్చి తింటాండాయి. ఈడ చోటు సాల్లేదు. కళ్యాణదుర్గం వస్తే మిగతాది చెప్తా."

కిందికొచ్చేకొద్దీ అక్షరాలు చిన్నవైపోయి, చివరి వరుస బోర్డు చెక్కమీదికి ఎక్కింది, దాని పక్కనే పసుపు బొటనవేలి ముద్ర.