కమాను కట్టలు

కారు కింద తవ్విన పిట్‌లో నిలబడి, తల మీద కనబడుతున్న కమాను కట్టను నర్సిములు వేలి కణుపుతో తట్టాడు. ఖంగుమనలేదు. పొడిగా టక్కుమంది. కట్టలోని ఇనప ఆకుల మధ్య ఇంకా సందు ఉందన్నమాట. పానా తగిలించి బోల్టును మరో పావు చుట్టు తిప్పాడు. పొద్దుటి నుంచీ ఎడమ భుజం కింద, పక్కటెముకల లోపలెక్కడో పేరుకున్న బరువు ఆ తిప్పుడుకు ఒకసారి కదిలింది. పానా వదలకుండా, కళ్ళు మూసుకుని, అది సర్దుకునే దాకా ఆగాడు. సర్దుకుంది. మళ్ళీ తట్టాడు. ఈసారి ఖంగుమంది.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నటి భుజాలు. చెవుల మీద తెల్ల వెంట్రుకలు. కళ్ళజోడు జారకుండా వెనక రబ్బరు తాడు. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి దెబ్బకు చితికి, రేకులా పలచగా పెరిగింది. గుర్తింపు పుస్తకంలో అతని పేరు ఇంగ్లీషు గుమాస్తా ఎవరో తనకు వినబడినట్టు రాసుకున్నాడు. అసలు పేరు నరసింహ. నెటాల్ చెరుకు తోటల్లో, కూలీల లైను ఇళ్ళలో పుట్టి, పద్నాలుగో ఏట పంచదార మిల్లులో బండి చక్రాలకు గ్రీజు పూయడం మొదలుపెట్టి, పోర్ట్ షెప్‌స్టోన్‌లోని ఈ వర్క్‌షాప్‌లో చేరి ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఈ ముప్పై ఒక్క ఏళ్ళూ అతను బస్సులోనే వచ్చాడు, బస్సులోనే వెళ్ళాడు. లైసెన్సు ఉంది, కారు లేదు. సరిచేసిన ప్రతి కారునూ వంతెన దాకా ఒకసారి నడిపి, సీటులో కూర్చున్న నడుముతోనే దాని తప్పొప్పులు విని, తెచ్చి తాళం ఇచ్చేసేవాడు. ఆ తర్వాత ఆ కార్లు ఎక్కడికి పోతాయో, ఎవరిని మోస్తాయో అతనికి తెలిసేది కాదు.

ఈ కారు ఎక్కడికి పోతుందో మాత్రం తెలుసు.

పద్దెనిమిదేళ్ళ నాటి తెల్ల డాట్సన్. సిస్టర్ ఎడ్నాది. కొండల్లో, పోర్ట్ షెప్‌స్టోన్‌కు ఇరవై ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న క్లినిక్‌లో ఆమె నర్సు. పోయిన గురువారం ఆమె తెచ్చినప్పుడు ఎడమ తలుపులు రెండూ నొక్కుకుపోయి ఉన్నాయి. రోడ్డుకు అడ్డంగా పెట్టిన రాళ్ళను తప్పించబోతే కారు రెండు చక్రాల మీదికి లేచి, గట్టుకు ఒరుసుకుని, దబ్బున కిందికి పడిందట. వెనక సీట్లో నొప్పులు పడుతున్న మనిషి ఉందట. ఆ దారిలో రెండు పార్టీల మధ్య చంపుకోవడాలు మొదలై చాలా కాలమైంది. రాళ్ళు పెట్టేది ఎవరో ఎవరూ పైకి చెప్పరు. ఆగిన కారు మీదికి చెరుకు తోటల్లోంచి మనుషులు వస్తారు. ఆగని కారు బోల్తా పడుతుంది.

"కొత్తదానిలా చేయమనను బాబా," అంది ఎడ్నా. తండ్రి వయసు వాళ్ళను జూలూలు అలాగే పిలుస్తారు. "గబుక్కున తిప్పితే పడిపోకుండా చేయండి, చాలు."

యజమాని కొత్త షాక్ అబ్జార్బర్లు వేసి ఇచ్చేయమన్నాడు. నర్సిములు కారును నాలుగు మూలలా కిందికి నొక్కి వదిలి చూశాడు. నొక్కిన చోటల్లా అది మూడు నాలుగుసార్లు పడవలా ఊగింది. వెనక కమాను కట్టలు బరువులు మోసి మోసి వంపు పోయి, పలకల్లా అయిపోయాయి. కీళ్ళ దగ్గరి రబ్బరు బుష్‌లు ఎండిపోయి పొడి రాలుతున్నాయి. షాకులతో తీరే జబ్బు కాదు. సోమవారం నుంచి పని పట్టుకున్నాడు. కమాను ఆకులన్నీ విప్పి, కొలిమిలో కాల్చి, సుత్తితో వంపు తెచ్చి, నూనెలో చల్లార్చి, ఒక్కో కట్టలో ఒక్కో ఆకు అదనంగా వేశాడు. ఇక ఈ గురువారానికి కట్టల చివరి బిగింపు, ముందు వైపు మిగిలాయి. సాయంత్రం ఐదు నుంచి ఎడ్నాకు డ్యూటీ. అన్ని రంగుల వాళ్ళూ మొదటిసారి ఓటేసే ఎన్నికలకు పదమూడు రోజులే ఉంది. నెటాల్ అంతటా ఎమర్జెన్సీ. ఊళ్ళో దుకాణాలు మూడింటికే మూసేస్తారని మాట పుట్టింది.

పొద్దున బయల్దేరేటప్పుడే భార్య ముత్యాలమ్మ గడప దగ్గర ఆపింది.

"ఏటి మావా, మొకం ఇలగయిపోనాది?"

"ఏటీ నేదే. గ్యాస్."

"గ్యాసా? దాక్టరు కాడికి ఎల్లు ముందు."

"రేపెల్తాను. సిస్టర్ కార్ ఫినిష్ సేయాలి."

ఆమె టిఫిన్ డబ్బా చేతికివ్వకుండా కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. బస్సు హారన్ వినబడి ఇచ్చేసింది.

పన్నెండున్నరకు ఆల్ఫ్రెడ్ చేతులు కడుక్కున్నాడు. వర్క్‌షాప్‌లో పన్నెండేళ్ళుగా నర్సిములుకు సాయం అతనే. బరువైనవన్నీ ఎత్తేది అతనే.

"మడాలా, నేను పోవాలి," అన్నాడు. ముసలాయనా అని ఆ పిలుపు. "ఒంటిగంట దాటితే టాక్సీలు లేవంటున్నారు. పిల్లలు ఒక్కళ్ళే ఉన్నారు."

"పో. పో."

"ఆ అడ్డకడ్డీ ఒక్కడివే ఎత్తగలవా?"

"ఎన్ని ఎత్తలేదు!"

ఆల్ఫ్రెడ్ గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. నర్సిములు టైర్ల దొంతి మీద కూర్చుని, ఎడమ మోచేతిని కుడి చేత్తో పిసుక్కుంటున్నాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

"ఇంటికి పో మడాలా."

"నువ్వు పో. టాక్సీ పోతుంది."

నొప్పి అని చెప్తే ఏమవుతుందో నర్సిములుకు తెలుసు. యజమాని బస్సెక్కించి పంపేస్తాడు. ముందు వైపు విప్పినదంతా ఎవరో గబగబా బిగించేసి, తాళం సిస్టర్ చేతిలో పెడతారు. క్లినిక్‌కు వేరే దారి లేదు.

ముందు చక్రాలు రెంటినీ కలిపే అడ్డకడ్డీ పాత ఇనుములో దొరికిన మరో కారుది, లావైనది. మలుపులో కారు ఒక పక్కకు ఒరిగిపోకుండా పట్టేది అదే. కారు ముందు వైపును జాకీల మీద లేపి, కింద వెల్లకిలా పడుకుని దాన్ని ఛాతీ మీద పెట్టుకున్నాడు. ఒక కొసను మోకాలితో ఎత్తి, రెండో కొసను భుజంతో నెట్టి, బోల్టు వేలితో తడుముకుంటూ ఎక్కించాడు. చెమట కళ్ళజోడు మీదికి కారింది. రెండో బోల్టు రంధ్రంలోకి పోవడానికి అరగంట పట్టింది. బయట రోడ్డు మీద మిలిటరీ బండ్లు వరసగా పోతున్నప్పుడు వీపు కింద నేల అదిరింది. ఎక్కడో జనం పాడుతూ నడుస్తున్నారు. యజమాని ముందు షట్టరు సగం దించాడు.

కారును నేల మీదికి దించాక నర్సిములు రెండు ఇసుక బస్తాలను ఈడ్చుకొచ్చి ఒక్కొక్కటే వెనక సీట్లోకి దొర్లించాడు.

"ఇదేంటి మళ్ళీ?" అన్నాడు యజమాని.

"వెనక మనిషి పడుకునుంటది బాస్. ఆ బరువు మీద బుష్ టైట్ సేయాలి. గాల్లో టైట్ సేస్తే మెలి తిరిగి సిరిగిపోద్ది."

"మూడింటికి తాళం వేస్తున్నా. నీ ఇష్టం."

బుష్‌లు బిగించాడు. బస్తాలు దించాడు. చక్రాల పక్కనుంచి ముందు నుంచి వెనక దాకా నూలు దారం లాగి కట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, చక్రాల వాలు చూసుకున్నాడు. కుడి వైపు ఒక్క వెంట్రుకవాసి తేడా ఉంది. ఎవరూ పట్టించుకోని తేడా. సరిచేశాడు. లేవబోతే లేవలేకపోయాడు. దారం పట్టుకునే కూర్చున్నాడు.

ఎడ్నా వచ్చేసరికి అలాగే ఉన్నాడు. నలభై ఏళ్ళ బలమైన మనిషి ఆమె. నీలం యూనిఫాం మీద ఊదా స్వెటరు. వంగి అతని మణికట్టు పట్టుకుంది.

"బాబా, పెదాలు చూడండి ఎలా ఉన్నాయో. ఎప్పటి నుంచి?"

నర్సిములు చెయ్యి లాక్కున్నాడు. "కారు పైకి చేరాక చూడు సిస్టర్. నేనూ వస్తున్నా. దీన్ని ఎట్టా తిప్పాలో పక్కన కూర్చుని చెప్పాలి."

"ముందు ఆసుపత్రికి పోదాం. ఇక్కడే, రెండు వీధులు."

"అక్కడ ఎంత సేపు కూర్చోబెడతారు?"

ఆమె చేతి గడియారం చూసుకుంది. ఇద్దరికీ తెలుసు. ఐదుకు ఆమె చేరకపోతే క్లినిక్‌లో రాత్రికి నర్సు లేదు.

"పైకి పోగానే పరీక్ష. మాటివ్వండి."

"యెబో, సిస్టర్," అన్నాడు నర్సిములు జూలూలో. సరేనని.

వంతెన దాటి, కొండ దారి ఎక్కారు. ఇటూ అటూ మనిషెత్తు చెరుకు. మొదటి మలుపులోనే ఎడ్నా ఆశ్చర్యంగా స్టీరింగు వైపు చూసింది. ఎప్పుడూ ఊగి, ఆలోచించి, అప్పుడు తిరిగే కారు, చెయ్యి కదిపిన క్షణాన తిరిగింది.

"బ్రేకు మీది నుంచి కాలు తియ్యి," అన్నాడు నర్సిములు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తల వెనక్కి ఆనించి, కళ్ళు సగం మూసుకున్నాడు. వెనక కమాను కట్టలు గతుకుల్ని ఎలా మింగుతున్నాయో నడుముతో వింటున్నాడు. "తిప్పే ముందే తొక్కు. తిప్పేటప్పుడు వద్దు. ముక్కు కొంచెం బయటికి పోద్ది. పోనీ. తోక మాత్రం తిరగదు."

"రాళ్ళుంటే?"

"రాయిని చూడకు. చూసిన వైపే చెయ్యి పోద్ది. ఖాళీ ఎక్కడుందో అక్కడ చూడు."

నాలుగు మలుపులు ఆమె చేత అలాగే తిప్పించాడు. ఐదోదానికి ఆమె తనంతట తనే తిప్పింది. నీలగిరి చెట్లు దాటాక దారి కొంచెం తిన్నగా ఉంది. ఎడ్నా వేగం పెంచింది. మిట్ట ఎక్కి దిగేసరికి ఎదురుగా రాళ్ళున్నాయి.

ఐదారు పెద్ద బండలు. వాటి మధ్య అడ్డంగా ఒక మొద్దు. కుడి వైపు, కాలువ అంచున, కారు పట్టేంత మట్టి జాగా. ఎడమ చెరుకులో ఏదో కదిలింది. ఎర్ర చొక్కా. ఇంకొకటి. ఎడ్నా కాలు బ్రేకు వైపు లేచింది.

"వద్దు," అన్నాడు నర్సిములు. అరవలేదు. "ఖాళీ చూడు."

ఆమె కుడికి తిప్పింది. కారు ఎడమకు ఒరిగింది. ఒరిగి, అడ్డకడ్డీ బిగుసుకున్న చోట ఆగింది. చక్రాల కింద మట్టి జారింది; తోక జారలేదు. వెంటనే ఎడమకు తిప్పింది. మొద్దు కొన అద్దాన్ని రాసుకుంటూ వెనక్కి పోయింది. కారు ఒక్కసారి ఇటు ఊగి, తారు మీద నిలదొక్కుకుని, తిన్నగా సాగింది. వెనక డిక్కీ మీద ఏదో ఠంగుమంది. ఇద్దరూ వెనక్కి చూడలేదు. మూడు కిలోమీటర్ల దాకా ఎడ్నా వేగం తగ్గించలేదు.

"హౌ, బాబా!" అని చివరికి జూలూలో అబ్బురపడింది ఎడ్నా. నవ్వుతోంది, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. "పడలేదు!"

"పడదు," అన్నాడు నర్సిములు.

క్లినిక్ మిట్ట మీద ఉంది. కారు దిగగానే అతను మెల్లగా దాని చుట్టూ తిరిగాడు. డిక్కీకి చిటికెన వేలు పట్టేంత రంధ్రం పడింది. దాన్ని ఒకసారి తడిమి వదిలేసి, వంగి వెనక చక్రాలు చూశాడు. నేల వాలుగా ఉంది. పూల మడి అంచున వరసగా పేర్చిన, సున్నం కొట్టిన రాళ్ళలోంచి ఒకటి తీసుకొచ్చి చక్రం వెనక పెట్టి, కాలితో నొక్కి చూశాడు. అప్పుడు వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. చొక్కా ఎడమ చెయ్యిని, గుండీ విప్పి, పైదాకా మడిచాడు.

"ఇప్పుడు చూడు సిస్టర్."

ఎడ్నా రక్తపోటు చూసే పట్టీ తేవడానికి లోపలికి పరుగెత్తింది. బయటికొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, అతని చేతికి చుట్టింది. చెవుల్లో స్టెతస్కోపు పెట్టుకుని, గాలి బుడ్డి నొక్కి వదులుతూ, మీటరు సూది దిగడం చూసింది. మళ్ళీ నొక్కింది. నర్సిములు కారు వైపే చూస్తున్నాడు. సూది సున్నాకు దిగింది. ఆమె చెవిలో ఏ చప్పుడూ లేదు. ఆమె అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కుతూ, లోపలి ఆయాను కేకేసింది. చాలాసేపు నొక్కింది. ఆయా వచ్చి భుజం పట్టుకుని ఆపే దాకా నొక్కింది.

శనివారం దహనానికి ఎడ్నా ఆ కారులోనే దిగివచ్చింది. అంతా అయ్యాక ముత్యాలమ్మ డాట్సన్ దగ్గరికి నడిచింది. పైకప్పు మీద అరచెయ్యి పెట్టింది.

"దీని కోసరమే దాక్టరు కాడికి ఎల్లనేదు," అంది. ఎడ్నాకు భాష అర్థం కాలేదు. పక్కనున్న ఆల్ఫ్రెడ్‌కూ కాలేదు. ముత్యాలమ్మ ఇంగ్లీషులో అడిగింది: "వెరీ పెయిన్?"

"ఎక్కువ సేపు కాదు, అమ్మా. నేనే ముందు చూసి ఉండాలి."

ముత్యాలమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆ మనిసి సూడనిస్తాడా," అని తనలో తాను అనుకుంది. తలుపు తీసి, ముందు సీట్లో కూర్చుని, చీర కొంగు లోపలికి లాక్కుంది. ఎడ్నా ఆమెను ఇంటి దాకా దింపింది. మలుపుల్లో నెమ్మదిగా తిప్పింది.

క్లినిక్‌లో పూల మడి అంచున తెల్ల రాళ్ళ వరసలో ఒక చోట సందు అలాగే ఉంది. ఆ రాయి ముంగిట్లో, వాలు మీద, ఒక వైపు నల్లటి టైరు మరకతో ఉంది. పొద్దున్నే ఊడ్చే మనిషి దాన్ని కదపకుండా, చుట్టూ ఊడ్చి పోతోంది.