బుడిపె తిరిగింది

మంచుకొండల్లో ఉన్న మా ఊళ్ళో ముప్ఫై ఒక్క ఏళ్ళు తుపాకి నా వీపు మీదే ఉంది. అది ఊరి తుపాకి, నాది కాదు. మంద మీద తోడేలు పడితే వెళ్ళి కాల్చి రావడం నా పని. నాకంటే ముందు మా నాన్న చేశాడు. పోయేదాకా చేశాడు, మధ్యలో ఆయన దగ్గర్నుంచి తుపాకి తీసుకోవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా తోడల్లుడు ఒరోజాలీ ఈ కథని ఇంకోలా చెబుతాడు. వాడు చెప్పే కథల్లో నేను ఉన్నదానికంటే పదేళ్ళు ముసలివాణ్ణిగా ఉంటాను.

అన్నేళ్ళూ తుపాకి మొన మీదున్న ఇనప గురి నాకు చాలింది. కిందటేడు కొండమేకల వేటకి వచ్చిన విదేశీ అతిథి ఒకాయన, నేను చూపించిన కొమ్ములకి సంతోషపడిపోయి, తన దుర్భిణి ఊడదీసి మా తుపాకికి బిగించి వెళ్ళాడు. దాని నెత్తిన ఒక బుడిపె ఉంది. తిప్పితే టిక్కు టిక్కుమంటుంది. ఒక్కో టిక్కుకి వంద మీటర్ల దూరాన గుండు ఒక వేలి మందం పైకో కిందకో జరుగుతుందని దుబాసీ చేత చెప్పించాడు. బుడిపె మీద తెల్ల గీత ఒకటి, చుట్టూ అంకెలు. గీత సున్నా దగ్గర ఉంటే రెండు వందల మీటర్లలో ఎక్కడ చూస్తే అక్కడే తగులుతుందట. నేను మర్యాదగా తలూపుతూ విన్నాను. సున్నాకి పెట్టించుకుని మళ్ళీ దాని జోలికి పోలేదు. ముట్టుకోని వస్తువు ఎక్కడికి పోతుంది.

మా ఆవిడ బర్మెత్‌కి మాత్రం ఆ గాజు అద్దాలు చూసి జాలేసింది. మంచు పడి మసకబారతాయని ఉన్నితో ఒక తొడుగు చేసింది. చేయడమంటే కుట్టడం కాదు. తడిపిన ఉన్నిని దుర్భిణి మీదే అతికించి, వేడినీళ్ళు పోసి, పిసికి, పొయ్యి పక్కన ఆరబెట్టింది. ఆ విదేశీయుడు చూసుంటే గుండె ఆగి పోయేవాడు. ఆరేసరికి ఉన్ని బిగుసుకుని గొర్రెకి తోలులా పట్టేసింది. బుడిపె ఉన్నచోట చిన్న మూపురం తేలింది. తొడుగు తీయాలంటే ఆ మూపురం పట్టుకుని, బిగుతు బూటు విప్పినట్టు కాస్త మెలితిప్పి లాగాలి. ఊళ్ళో ఆడవాళ్ళంతా వరసగా వచ్చి చూసి బర్మెత్ చేతిపనిని మెచ్చుకుని, టీ తాగి వెళ్ళారు.

ఆ చలికాలం ఒరోజాలీ గుర్రాల మంద మీద ఒక ఆడ తోడేలు పడింది. పది రోజుల్లో ఏడాది నిండని గుర్రప్పిల్లలు రెండింటిని తినేసింది. నేనూ వాడూ వెతుక్కుంటూ వెళ్ళి, వాగు అవతల రెండు వందల మీటర్లలో దాన్ని కనిపెట్టాం. పక్కకి తిరిగి నిలబడి ఉంది. అంత పద్ధతిగా నిలబడ్డ తోడేలుని నా జన్మలో చూడలేదు. తొడుగు లాగాను, గురి చూశాను, కాల్చాను. దాని వీపు మీదుగా పోయి వెనకున్న బండ చిట్లింది. తోడేలు మా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

"ఏం అన్నా, హెచ్చరించి వదిలేశావా?" అన్నాడు ఒరోజాలీ.

"గాలి రా."

"గాలా? నా మీసమైనా కదల్లేదే."

"కదలడానికి నీకు మీసం ఎక్కడ ఏడ్చింది?"

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ అదే తోడేలు, దాదాపు అదే దూరం. మళ్ళీ వీపు మీదుగానే పోయింది. ఈసారి పక్కన గుర్రం గట్టిగా ఊపిరి వదలడం వల్ల చెయ్యి కదిలిందని చెప్పాను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ యవ్వారం," అన్నాడు వాడు. "మొన్న గాలన్నావు. ఇవాళ గుర్రమన్నావు. రేపు తోడేలే వంకరగా నిలబడిందంటావు."

మా దగ్గర వేట నుంచి తిరిగొస్తున్నవాడికి ఎదురైనవాళ్ళు "షిరాల్గా" అంటే చాలు, వేటలో వాళ్ళకి వాటా ఇచ్చి తీరాలి. ఆ రోజు ఊరి మొదట్లో ఒక ముసలమ్మ ఎదురైంది. నా ఖాళీ జీను చూసి, నోటిదాకా వచ్చిన ఆ మాట మింగేసి, "గుర్రం పుష్టిగా ఉందే," అంది. గుర్రం ఎప్పటిలాగే ఉంది.

ఇంటికొచ్చి కూర్చున్నాక భయమేసింది. దాపరికం ఎందుకు, బాగా భయమేసింది. రెండుసార్లు తప్పింది గాలి వల్లా కాదు, గుర్రం వల్లా కాదు, నా కన్ను వల్లేనేమో. ఊరు నా తుపాకి దింపించేస్తుందేమో. ఇంకొకడు వేటకి బయల్దేరుతుంటే నేను గుమ్మంలో కూర్చుని జాగ్రత్తలు చెప్పే రోజు వచ్చిందేమో. అలా జాగ్రత్తలు చెప్పే ముసలివాళ్ళని నేను ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. వాళ్ళ మాట ఒక్కటీ నేనెప్పుడూ వినలేదు. బర్మెత్ నా మొహం చూసి, ఎవరిదో దిష్టి తగిలిందని ఘాటుగా పొగ వచ్చే ఆర్చా చెట్టు కొమ్మ కాల్చి తుపాకి చుట్టూ, నా చుట్టూ, పనిలో పనిగా గుర్రం చుట్టూ కూడా పొగ తిప్పింది. గుర్రం తుమ్మింది.

మూడో రోజు మధ్యాహ్నం ఊరి పెద్ద జోల్చు తాత మరో ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళ వెనక తల వంచుకుని ఒరోజాలీ. బర్మెత్ టీ పోసింది, నూనెలో వేయించిన బోర్సోక్ పిండిముక్కలు పెట్టింది. గొర్రెల సంగతి, గడ్డి సంగతి, మంచు సంగతి అన్నీ అయ్యాయి. ఆపైన మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు.

"తష్తాన్, నువ్వు ఈ ఊరికి చేసింది తక్కువేం కాదు," అని మొదలుపెట్టాడు తాత. అలా మొదలైన మాట ఎక్కడ తేలుతుందో చిన్నపిల్లలకి కూడా తెలుసు. "ఇంక కాస్త విశ్రాంతి తీసుకో నాయనా. తుపాకి ఒరోజాలీ మోస్తాడు."

"వీడా? వీడు నిలబడ్డ గొర్రెని కొట్టలేడు."

"కట్టేస్తే కొడతా," అన్నాడు ఒరోజాలీ, బోర్సోక్ నములుతూ.

బతిమాలుకోవడం మా వంశంలో లేదు. లేచి గోడకున్న తుపాకి తీసి వాడి ఒళ్ళో పెట్టాను. దుర్భిణి చూద్దామని వాడు తొడుగు లాగాడు. రాలేదు.

"మెలితిప్పి లాగాలి రా. ఆమాత్రం తెలీదు, తుపాకి మోస్తాట్ట."

వాడు మెలితిప్పి లాగాడు. అప్పుడు టిక్కు టిక్కుమంది. అందరూ విన్నారు. వాడు దుర్భిణి మీదికి వంగాడు.

"అన్నా, ఈ తెల్ల గీత ఎక్కడుండాలి?"

"సున్నా దగ్గర."

"పదమూడు దగ్గరుందే."

లాక్కుని చూశాను. ఇల్లు చీకటిగా ఉండి గీత సరిగా ఆనలేదు. వాడి కళ్ళకే వదిలేశాను. వాడు తొడుగు మళ్ళీ తొడిగి, మళ్ళీ లాగాడు. పదహారయింది. మూడోసారి పద్దెనిమిది. జోల్చు తాత "ఇలా తే" అని తను ఒకసారి లాగి చూసుకున్నాడు. ఆయన చేతికి ఇరవై రెండు వచ్చింది. తక్కిన ఇద్దరు పెద్దలూ కూడా తలా ఒకసారి లాగితేగానీ ఊరుకోలేదు. అందరి సరదా తీరాక, అందరూ ఒకేసారి పొయ్యి దగ్గరున్న బర్మెత్ వైపు తిరిగారు.

అక్కడ నేను నోరు జారాను. "నీ తొడుగు నా పరువు తీసిందే," అన్నాను.

బర్మెత్ టీ కెటిల్ కింద పెట్టింది. "తొడుగు నేను చేశా. మెలితిప్పమని నేను చెప్పానా? బూటు విప్పినా నువ్వంతే, చొక్కా విప్పినా నువ్వంతే. నలభై ఏళ్ళుగా తెగిన గుండీలు కుడుతూనే ఉన్నా. ఏ రోజైనా ఒక వస్తువుని నెమ్మదిగా తీశావా నువ్వు?"

పెద్దలు ముగ్గురూ తమ టీ గిన్నెల్లోకి చూసుకున్నారు.

పెరటి అవతల రెండు వందల మీటర్ల దూరాన గోడ మీద ఒక పిడక నిలబెట్టారు. ఒరోజాలీ గీతని సున్నాకి తెచ్చి కాల్చాడు. పిడక ముక్కలై ఎగిరింది. అందరిలోకీ వాడే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. జోల్చు తాత నా భుజం మీద చెయ్యి వేసి, "మాట వెనక్కి తీసుకుంటున్నా తష్తాన్. తప్పు ఇనుముది, నీది కాదు," అన్నాడు.

"నువ్వూ ఒకటి వెయ్యి అన్నా," అని ఒరోజాలీ తుపాకి అందించాడు.

"ఎందుకు, తేలిపోయిందిగా," అన్నాను. ఆ ఒక్కటీ ఎందుకు కాల్చి చూడలేదని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను.

బర్మెత్ కత్తెర తెచ్చి తొడుగు మీది మూపురాన్ని కత్తిరించేసింది. చిరిగిన మేజోడులోంచి బొటనవేలు వచ్చినట్టు బుడిపె బయటికి వచ్చింది. ఆ పూట రెండు గిన్నెల మాంసం తిన్నాను. తర్వాత వారం రోజులూ అడిగినవాడికీ అడగనివాడికీ బుడిపె సంగతి చెప్పాను. గుర్రానికి లాడం వేయడానికి వచ్చిన పక్కూరివాడికి రెండుసార్లు చెప్పాను.

ఆ వారంలోనే తోడేలు ఒరోజాలీ మూడో గుర్రప్పిల్లని కొట్టింది. పొద్దెక్కాక ఇద్దరం బయల్దేరాం. దారిలో వాడు మూడుసార్లు గుర్రం దిగి, నా వెనక్కి వచ్చి, బుడిపె చూశాడు.

"నీ కోటుకి రాసుకుని తిరుగుతుందేమోనని," అన్నాడు.

"అదేమన్నా పసిబిడ్డా, గడియగడియకీ చూడ్డానికి?"

"పసిబిడ్డైతే ఏడ్చి చెబుతుందిగా."

గట్టు మీదికి పాక్కుంటూ వెళ్ళి బోర్లా పడుకున్నాం. కింద మంచులో గుర్రప్పిల్ల కళేబరం, దాని మీద తోడేలు. రెండు వందల మీటర్లు. గాలి లేదు. గుర్రాలని దూరంగా కట్టేశాం. నేను తొడుగు నెమ్మదిగా, బర్మెత్ చూసినా మెచ్చుకునేంత నెమ్మదిగా తీశాను.

"చూడు," అన్నాను గుసగుసగా.

ఒరోజాలీ గీత మీద గోరు పెట్టి చూశాడు. "సున్నా. వెంట్రుకంత కూడా కదల్లేదు."

దుర్భిణిలోంచి చూశాను. తోడేలు ఉంది. దాని పక్కనే ఇంకో పలచని తోడేలు, అన్నం గిన్నె మీది ఆవిరిలా. మంచు మీద ఎండ పడితే ఎవరికైనా అలాగే ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట ఆ చలికాలం అంతకుముందు కూడా చెప్పుకున్నానని అప్పుడు గుర్తొచ్చింది. రెండిట్లో నల్లగా ఉన్నదాన్ని ఎంచుకుని కాల్చాను.

తోడేలుకి మూరెడు ఎడమగా మంచు లేచింది. అది ఎగిరి దూకి, నోటికందిన ముక్క పట్టుకుని, అవతలి గట్టు దాటి పోయింది.

నేను తుపాకి దించి బుడిపె చూశాను. తెల్ల గీతలు రెండున్నాయి. కన్ను నులుముకుని చూశాను. రెండే. కుడికన్ను మూసి ఎడమకంటితో చూశాను. ఒకటే గీత ఉంది, సరిగ్గా సున్నా మీద ఉంది. మొండితనం కొద్దీ మళ్ళీ కుడికన్ను తెరిచాను. మళ్ళీ రెండయ్యాయి. ఎడమకంటితో గురి చూడటం అరవై మూడో ఏట పట్టుబడే విద్య కాదు.

ఒరోజాలీ ఏదో అంటాడని కళ్ళు కిందికి దించుకుని ఎదురుచూశాను. ఇరవై ఆరేళ్ళుగా వాడు నన్ను ఒక్కసారి కూడా వదిలిపెట్టలేదు. నా కూతురి పెళ్ళిలో, వియ్యాలవారి ముందు, నేను గుర్రం మీంచి పేడలో పడ్డ కథ చెప్పినవాడు. ఇవాళ మాత్రం వాడికి హక్కుంది. పోయినవి వాడి గుర్రప్పిల్లలు, వదిలేసింది నేను. ఏమన్నా పడాలనే నిశ్చయించుకున్నాను.

వాడు నా చేతిలోంచి తుపాకి తీసుకున్నాడు. బుడిపె మీదికి వంగి చాలాసేపు చూశాడు. వాడి కళ్ళకి ఏ జబ్బూ లేదు.

"తిరిగింది అన్నా," అన్నాడు.

"ఎంత?" అన్నాను.

"ఏడు."

బొటనవేలితో బుడిపె తిప్పాడు. టిక్కు టిక్కుమంటుంటే లెక్కపెట్టాను, సరిగ్గా ఏడు. సున్నా మీదున్నదాన్ని ఏడు తిప్పితే ఎక్కడికి పోతుందో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. "సరిచేశా," అని తొడుగు తొడిగేశాడు.

వాడు ఎత్తిపొడిచి ఉంటే ఏదో ఒకటి తిరిగి అనేవాణ్ణి. వాడి మాటలకి జవాబు ఇవ్వడం నాకు అలవాటే. మంచు దులుపుకుని లేచాను.

గుర్రాల దగ్గరికి వచ్చాక వాడు తుపాకి నా వైపు చాచాడు. నేను తీసుకోలేదు.

"ఈ కోటు రా," అన్నాను. "మరీ మందం. దీనికి రాసుకునే తిరుగుతోంది. నీది పలచన."

"పలచనే," అన్నాడు వాడు, కోటు అంచు వేళ్ళతో పట్టుకుని చూసి.

"అందుకని నువ్వే తగిలించుకో. ఇవాళ్టికనే కాదు."

"అలాగే అన్నా." నా మొహం చూడకుండా పట్టా భుజానికి వేసుకుని, గుర్రమెక్కి ముందు సాగాడు.

నేను వెనక వస్తున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి నా వీపుకి చలి తగిలింది.