ఈనెలు తీసిన చేతులు

ఆకుపచ్చ పొడిని జల్లెడ పట్టి, తెర వెనక గిలక్కొట్టడం నా పని. గ్లాసు అందుకుని, నవ్వుతూ గిరాకీకి ఇవ్వడం మా ఆయన రాజారాం పని. కంఠేశ్వర్‌లోని మా చాయ్ దుకాణానికి ఈ మాచా, అంటే జపాన్ తేయాకు పొడి, వచ్చి రెండు నెలలయింది. నేను తెర వెనక్కి వెళ్లీ రెండు నెలలే. "నువ్వు లోపల్నే ఉండు. బీడీల చేతులు గిరాకీకి కనవడితే మంచిగుంటదా?" అన్నాడు. తునికాకు కత్తిరించీ కత్తిరించీ నా వేళ్ల చివర్లు నల్లబడ్డ మాట నిజమే. ఆ వేళ్ల కష్టంతోనే ఈ దుకాణం లేచిందని మాత్రం ఆయనకు గుర్తుండదు.

మాచా పొట్లం మీద రాసింది ఆయన చదవలేదు. నేను చదివాను, ఫోన్‌లో చూశాను కూడా. జపాన్‌లో తేయాకు కోసే ముందు కొన్ని వారాలు తోటకు నీడ కప్పుతారట. కోసిన ఆకును ఆవిరి పట్టి, ఆరబెట్టి, కాడలూ ఈనెలూ తీసేసి, మిగిలిన మెత్తటి ఆకును రాతి తిరగలిలో నిదానంగా విసురుతారట. ఈనెలు తీసే మాట దగ్గర ఆగిపోయాను. పదేళ్ల వయసు నుంచీ మా అవ్వ పక్కన కూచుని తునికాకుకు నేను చేసిందీ అదే కదా. ఎక్కడో సముద్రాల అవతల ఆ పనిని అంత గొప్పగా చెప్పుకుంటుంటే నాకెంత గర్వమనిపించిందో!

నిన్న మధ్యాహ్నం నేను నీళ్లకు వెళ్లొచ్చేలోగా ముగ్గురు కాలేజీ అమ్మాయిలు వచ్చారు. ఆయన పొడిని జల్లించకుండానే గిన్నెలో వేసి, చాయ్‌లాగే సలసలా మరిగించేశాడు. మసలకపోతే అది చాయే కాదని ఆయన నమ్మకం. ఒక్క గుక్కకే అమ్మాయిల ముఖాలు ముడుచుకున్నాయి.

"అన్నా, ఏందిది, గింత చేదున్నది? మొన్న గిట్ల లేకుండె."

అప్పుడే నీళ్లతో వచ్చిన నేను బిందె దించి, తెర జరిపి బయటికొచ్చాను. పొడి జల్లించాను. మరిగిన నీళ్లను కాసేపు చల్లారనిచ్చాను. కొద్ది నీళ్లతో పొడిని ముద్దలా కలిపి, మిగతావి పోసి, వెదురు కుంచెతో నురగ లేచేదాకా గిలక్కొట్టాను. ముగ్గురూ నా వేళ్లనే చూశారు. చూడనీ అనుకున్నాను.

"గిప్పుడు మొన్నటి లెక్కనే ఉన్నదన్నా!" అంది ఒకమ్మాయి ఓ గుక్క తాగి, ఆయన వైపు తిరిగి.

"నేనే నేర్పిన" అన్నాడాయన నవ్వుతూ.

ఇలాంటి మాటలు ఎన్ని మింగానో. ఈసారి మింగబుద్ధి కాలేదు.

"మొన్న చేసింది గూడ నేనే, బిడ్డా. బీడీలు చేసిన చేతులివి. ఆకు సంగతి వీటికి తెలుసు."

"లోపలికి నడువు" అన్నాడాయన పళ్లు బిగించి.

నేను జల్లెడ తీసి ఆయన చేతిలో పెట్టాను.

"లోపల పొడి ఉండలు గట్టింది. నువ్వు పోయి పట్టు. గిరాకీని నేను చూస్కుంట."