పదహారో మనిషి

"ఆస్గుడ్ వైపు పదిహేను," అని సభ నడుపుతున్న గ్లెండా మైకులో చదవగానే మారెన్ కాల్విన్ చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఉన్ని గ్లవ్ లోపల అతని వేళ్ళు నలిగాయి. పదిహేను. కావలసింది పదహారు.

"విన్నావా? ఒక్కరు తక్కువ," అంది మారెన్.

"విన్నాను. నా చెయ్యి కూడా వింది," అన్నాడు కాల్విన్.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జనవరి నెల. హైస్కూలు బాస్కెట్‌బాల్ హాల్లో నూట నాలుగు మంది. బూట్లకు అంటుకొచ్చిన మంచు కరిగి నేలమీద చిన్న చిన్న మడుగులు కట్టింది. ప్రెసిడెంటు పదవికి తమ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చడానికి ఊరి పార్టీవాళ్ళు నాలుగేళ్ళకొకసారి ఇలా చేరతారు. ఇక్కడ ఓటు చీటీమీద పడదు, కాళ్ళతో పడుతుంది. ఎవరికి ఎవరు నచ్చితే వాళ్ళ పేరున్న మూలకు నడిచి నిలబడాలి. ఇంట్లో కూర్చున్నవాళ్ళకు లెక్కలో చోటు లేదు. నూటికి పదిహేను మందైనా, అంటే ఇవాళ పదహారు మందైనా, లేని మూలను చెరిపేస్తారు. దాంట్లో ఉన్నవాళ్ళు అరగంటలోగా ఇంకొక మూలకైనా వెళ్ళాలి, కోటు వేసుకుని ఇంటికైనా పోవాలి, లేదా పక్క మూలల్లోంచి మనుషుల్ని బతిమాలి తెచ్చుకునైనా లెక్క నిలబెట్టుకోవాలి.

గవర్నర్ పెంబర్టన్ మూలకు మారెన్ కెప్టెన్. పెంబర్టన్ వైపు నలభై ఏడుగురు. కాంగ్రెస్ సభ్యుడు టల్లీ వైపు నలభై రెండు. ఈ ఊరి నుంచి జిల్లా సభకు వెళ్ళే ప్రతినిధులు అయిదుగురు. ఆస్గుడ్ మూల నిలిస్తే పెంబర్టన్‌కు ఇద్దరు, టల్లీకి ఇద్దరు, ఆస్గుడ్‌కు ఒకరు. ఆ మూల చెదిరితే అయిదోవాడు ఎవరికి ఎక్కువమంది చేరితే వాళ్ళకు. అందుకే ఆ పదిహేను అన్న మాట మారెన్ చెవికి పెళ్ళిబాజాలా వినిపించింది.

పెళ్ళి అంటే గుర్తొచ్చింది, ఆమెకు కాల్విన్‌తో పెళ్ళయి మూడు నెలలే. హనీమూన్‌కని దాచుకున్న సెలవులన్నీ పెంబర్టన్ కరపత్రాలు పంచడానికే అయిపోయాయి. తలుపు తట్టడం, కుక్క మొరగడం, కాల్విన్ ఆమె వెనక దాక్కోవడం, తర్వాత కారులో హీటర్ ముందు నాలుగు చేతులూ ఒకచోట పెట్టి కాచుకోవడం. ఇంతకంటే మంచి హనీమూన్ ఎవరికైనా జరిగి ఉంటుందా అని ఆమెకు అనుమానం.

టల్లీ వాళ్ళు అప్పుడే బ్రౌనీ కేకు ముక్కల పళ్ళెంతో ఆస్గుడ్ మూల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

"లంచాలు మొదలయ్యాయి," అన్నాడు దాణా కొట్టు డీన్. లావుపాటి మనిషి, పెంబర్టన్ వైపే.

"నువ్వు రెండు తిన్నావు కదయ్యా," అంది పక్కనున్న అతని భార్య.

"తింటే మారిపోతానా? మీ టల్లీ గెలిస్తే మక్కజొన్న ధర ఆయన జుట్టంత పైకి లేస్తుందా అని అడిగాను కూడా."

"ఆయన జుట్టు ఆయనది కాదు, విగ్గు," అంది ఆవిడ.

"అదే నేనూ అంటున్నాను. ధర కూడా అంతే."

అందరూ నవ్వారు. ఎవరి నాయకుణ్ణి వాళ్ళు మోస్తూ, ఎదుటివాళ్ళ నాయకుణ్ణి నేలకు దించుతూ నెలలుగా ఊరంతా ఇదే పని. సంతలో, మంగలి కొట్లో, చర్చి మెట్లమీద. అందులో మారెన్‌ది పై చెయ్యి. ఎవరి గొంతయినా ఆమెకు ఇట్టే పట్టుబడుతుంది. అందులోనూ ఆస్గుడ్ దొరకడం అదృష్టం. ముసలి సెనేటర్ ఆస్గుడ్ నిదానస్తుడు. టీవీ చర్చలో, మీరు ఎందుకు పోటీ చేస్తున్నారని అడిగితే, కళ్ళజోడు తీసి, తుడిచి, పైకప్పు వంక చూసి, పదకొండు సెకన్ల తర్వాత "నేల కోసం" అన్నాడు. దేశమంతా ఆ పదకొండు సెకన్లు చూసి నవ్వింది. మారెన్ ఆయన్ని అనుకరించడం ఒక ఆటగా మార్చింది. మొన్న శనివారం అగ్నిమాపక కేంద్రంలో చిల్లీ అనే మాంసం, చిక్కుడు గింజల పులుసుతో విందు జరిగింది. అందరూ చిల్లీ తాగి దాల్చినచెక్క రొట్టెల దగ్గరికి వచ్చే వేళకు, ఆమె కుర్చీ ఎక్కి గరిటెను మైకులా పట్టుకుని ఆ ఆట ఆడింది. నవ్వు ఆపుకోలేక ఒకాయన బల్లమీద తల వాల్చేశాడు.

హార్లన్ స్టూవ్ ఆస్గుడ్ మూలలోంచి నడిచి రావడం ఆమె అప్పుడు చూసింది. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళో ఉత్తరాలు పంచిన మనిషి, డెబ్భై దాటాయి. ఇందాక ఆస్గుడ్ తరఫున ఒక నిమిషం మాట్లాడమంటే, పెద్ద పెద్ద అక్షరాలు రాసున్న అట్టముక్కలు పట్టుకుని గబగబా చదివేశాడు. "వాళ్ళ నాయకుడికి పట్టే టైమంతా ఈయన మిగులుస్తున్నాడు," అని మారెన్ కాల్విన్ చెవిలో అంది అప్పుడు.

"ఒక్క మనిషి చాలు," అన్నాడు హార్లన్, టోపీ చేతిలో పట్టుకుని. ఆమెతో కాదు, మొత్తం గుంపుతో. "మీ నలభై ఏడులో ఒకరు అటు వస్తే మేం నిలుస్తాం. మీ ఇద్దరు ప్రతినిధులూ మీకే ఉంటారు. మీకు పోయేదేం లేదు."

"మూడోవాడు పోతాడు కదా హార్లన్ గారూ," అంది మారెన్ నవ్వుతూ.

"ఆ మూడోవాడు ఇంకా పుట్టలేదమ్మా."

గుంపు వెనకనుంచి పాల డెయిరీ మెర్ల్ ముందుకొచ్చాడు. "నేను వెళ్ళనా మారెన్? ఆస్గుడ్ ఒకసారి మా పొలంలో గంటసేపు మట్టి పిసుక్కుంటూ కూచున్నాడు. మంచోడే. ఒక్కణ్ణి వెళ్తే ఏమవుతుంది?"

మూడు నెలల తలుపులు, మంచు, కుక్కలు అన్నీ మెర్ల్ బూట్ల దగ్గర ఆగినట్టు మారెన్‌కు అనిపించింది. వాదించడానికి సమయం లేదు. ఆమెకు తెలిసిన మార్గం ఒకటే. కాల్విన్ ముక్కుమీదనుంచి కళ్ళజోడు లాక్కుంది, తుడిచింది, పైకప్పు లైట్ల వంక చూసింది. పెదవులు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. మాట ఆ లైట్లలో ఎక్కడో చిక్కుకున్నట్టు మెడ చాపింది. డీన్ పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "తొమ్మిది, పది, పదకొండు."

"నేల," అంది మారెన్.

అందరూ గొల్లున నవ్వారు. మెర్ల్ కూడా నవ్వాడు, నవ్వుతూనే వెనక్కి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

హార్లన్ నవ్వులు ఆగేదాకా నిలబడ్డాడు. "శనివారం ఇంతకంటే బాగా చేశావు," అన్నాడు. "ఇవాళ తొందరపడ్డావు."

అతని గొంతులో ఎగతాళి లేదు. అదే ఆమెను ఇబ్బంది పెట్టింది. "శనివారం మీరూ వచ్చారా? టీచర్ ఏరీ, ఇవాళ కనబడలేదు?" అంది మాట మారుద్దామని.

ఓపల్ స్టూవ్ అతని భార్య. మారెన్‌కు అయిదో తరగతిలో టీచరు. హెడ్మాస్టర్ నడకను మారెన్ దొంగచాటుగా అనుకరిస్తుంటే పట్టుకుని, కొట్టకుండా, క్లాసంతటి ముందూ మళ్ళీ చేయించి, కళ్ళు తుడుచుకునేంతగా నవ్విన మనిషి. ఈ విద్యకు మొదటి చప్పట్లు ఆవిడవే. రెండేళ్ళ కిందట ఆవిడకు పక్షవాతం వచ్చిందని మారెన్‌కు తెలుసు. కోలుకున్నారని ఎవరో అన్నారు. చూడటానికి వెళ్ళాలని అనుకుంటూనే ఉంది.

"ఇంట్లో ఉంది," అన్నాడు హార్లన్. ఆమెను రెండడుగులు పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "అందరికీ తెలియనక్కర్లేదు. నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఇందాక నేను చదివింది ఆమె రాసుకున్నదమ్మా. ఇవాళ తనే మాట్లాడాలని. ఆరు వారాలు సాధన చేసింది. మాటలొస్తాయి, కానీ ఒక్కోదానికోసం ఆగాలి. తల పైకెత్తి చూస్తుంది. అక్కడ దొరుకుతుంది ఆమెకి. ఆస్గుడ్ ఎండాకాలంలో మా ఇంటికొస్తే, ఇద్దరూ ఒక గంటలో ఇరవై మాటలు మాట్లాడుకుని ఉంటారు. ఆయన వెళ్ళాక రెండేళ్ళల్లో మొదటిసారి ఈలేసుకుంటూ గిన్నెలు కడిగింది."

మారెన్ చేతిలో కాల్విన్ కళ్ళజోడు ఇంకా ఉంది.

"శనివారం మేం రొట్టెల బల్ల దగ్గరే కూచున్నాం. ఆ అట్టముక్కలు ఆమె సంచిలోనే ఉన్నాయి."

"నేను టీచర్‌ని అనలేదు. దేవుడి మీద ఒట్టు, నేను ఆయన్నే..."

"తెలుసు. ఆమెకీ తెలుసు. నీ మీద కోపం లేదు. కారులో ఒకటే అడిగింది. 'నేనూ అలాగే ఉంటానా?' అని." హార్లన్ టోపీ అంచు సరిచేసుకున్నాడు. "లేదన్నాను. ఆ తర్వాత ఇవాళ్టిదాకా నాతో కూడా మాట్లాడలేదు. చేత్తో చూపిస్తోంది."

అతను తన మూలకు వెళ్ళిపోయాడు. గోడ గడియారం ప్రకారం ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి.

హాలు మధ్యలో బాస్కెట్‌బాల్ ఆటకు గీసిన ఎర్ర గీత ఉంది. దాని అవతల, బహుశా నలభై అడుగుల దూరంలో, పదిహేను మంది కోట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఇక్కడి నియమం ఎంత తేలికంటే, లేచి నడిస్తే చాలు. చెప్పాల్సిన కారణం కూడా లేదు.

కాల్విన్ దగ్గరికొచ్చి కళ్ళజోడు తీసుకుని పెట్టుకున్నాడు. ఆమె ముఖం అప్పుడు అతనికి సరిగ్గా కనిపించినట్టుంది. "ఏమైంది?"

చెప్పింది. నాలుగు ముక్కల్లో అయిపోయింది.

"వెళ్తావా?" అన్నాడు.

"కెప్టెన్‌ని కదా. నేను వెళ్తే వీళ్ళందరి మొహం ఎలా చూడను? పేపర్లో కూడా రాస్తారు."

"నేను వెళ్ళనా పోనీ?"

"నువ్వు వెళ్తే నేను వెళ్ళినట్టే. ఊళ్ళో అలాగే అంటారు."

మారెన్ గడియారం చూసింది, ఎర్ర గీత చూసింది, మళ్ళీ గడియారం చూసింది. ఒకసారి కుడి కాలు కదిపింది కూడా. సరిగ్గా అప్పుడే డీన్ వచ్చి, అటునుంచి నలుగురు మనవైపుకి వస్తున్నారు, పేర్లు రాసుకో కెప్టెన్ అని కాగితం చేతిలో పెట్టాడు. ఆమె పేర్లు రాసింది. అక్షరాలు తప్పుల్లేకుండా రాసింది. గ్లెండా చేతిగంట మోగించింది.

ఏడుగురు పెంబర్టన్‌కు, అయిదుగురు టల్లీకి. ముగ్గురు ఎటూ పోకుండా కోట్లు వేసుకుని బయటికి నడిచారు. మూడో ప్రతినిధి పెంబర్టన్‌కు దక్కాడు. డీన్ ఆమెను నేలమీదనుంచి ఎత్తి తిప్పాడు. ఎవరో బ్రౌనీ నోట్లో పెట్టారు. మామూలుగా అయితే అంచు గట్టిగా, మధ్యలో మెత్తగా ఉన్న ఆ ముక్క గురించి ఆమె కాల్విన్‌కు వారం రోజులు చెప్పేది. ఇప్పుడది నోట్లో బంకమట్టిలా ఉంది.

ఆమె కోటు బొత్తాలు పెట్టుకోకుండానే బయటికి పరుగెత్తింది. కాల్విన్ వెనకే వచ్చాడు. పార్కింగ్ చోట హార్లన్ కారు అద్దంమీద మంచు గీకుతున్నాడు.

"హార్లన్ గారూ, నన్ను క్షమించండి."

"నాకేం చేశావమ్మా నువ్వు?" గీకడం ఆపలేదు. "నా బాధల్లా ఒకటే. ఇంటికెళ్ళగానే ఎంతమంది వచ్చారని కాగితం మీద రాసి అడుగుతుంది. నలభై నాలుగేళ్ళల్లో ఆమెకు అబద్ధం చెప్పింది శనివారమే, కారులో. ఇవాళ రెండోది ఎలా చెప్పను? పదిహేనంటే లెక్క తనే చేసుకుంటుంది. తను ఇంట్లో కూచోబట్టే పోయిందనుకుంటుంది. ఇక ఎప్పటికీ నోరు తెరవదు."

చలి కోటులోకి దూరుతోంది. మారెన్‌కు మెర్ల్ బూట్లు గుర్తొచ్చాయి, అవి వెనక్కి తిరిగిన తీరు. ఆ నవ్వు లేకపోతే అతను అటు వెళ్ళేవాడు. ఆ తర్వాతి పన్నెండు నిమిషాలకయితే నవ్వు కూడా సాకు కాదు.

"ఇవాళ ఓడిపోయామని మాత్రం చెప్పండి," అంది. "అబద్ధం కాదు కదా. లెక్క మారెన్ వచ్చి చెప్తుందని చెప్పండి."

"ఏమని చెప్తావు?"

"పదిహేను దగ్గర ఆగిపోలేదని చెప్తాను. మెర్ల్ లేచాడని, నేను కూచోబెట్టానని. అంతా తెలిశాక కూడా పన్నెండు నిమిషాలు ఉందని, పదహారో మనిషి కాళ్ళు రెండూ బాగానే ఉండి, నడవలేదని. టీచర్ రాకపోవడం వల్ల కాదు. నా వల్ల." కోటు అంచులు దగ్గరికి లాక్కుంది. "ఆ అట్టముక్కలు కూడా ఆవిడే చదివితే వింటాను. ఎంతసేపు పట్టినా. వద్దంటే వెళ్ళిపోతాను."

హార్లన్ అద్దాన్ని ఆ చివరిదాకా గీకాడు. గీకుడుపుల్ల దులిపి కారులో పడేశాడు.

"తలుపు తీస్తుందని నేను మాటివ్వలేను."

"వద్దండి. మాటివ్వకండి."

"పొద్దున పది గంటలకి రేడియో పెట్టుకుంటుంది, అప్పుడు రావద్దు." కారెక్కి, కిటికీ కొంచెం దించాడు. "రేపు పదిన్నరకి రా. వెనక తలుపు దగ్గరికి. ముందు తలుపు మంచుతో బిగుసుకుపోయింది."

అతని కారు మలుపు తిరిగేదాకా ఇద్దరూ నిలబడ్డారు. లోపల ఎవరో చప్పట్లు కొడుతున్నారు. కాల్విన్ ఆమె బొత్తాలు ఒక్కొక్కటే పెట్టాడు, కిందినుంచి పైకి.

"రేపు నీకు డ్యూటీ కదా," అంది మారెన్.

"మధ్యాహ్నం వెళ్తాను. నిన్ను దింపి వీధి చివర ఆగుతాను."

"సరే. పది ఇరవైకి బయల్దేరదాం. పొద్దున మెర్ల్‌కి ఫోన్ చేస్తాను, ఆస్గుడ్ ఆ రోజు పొలంలో ఏమన్నాడో అడిగి రాసుకుంటాను. టీచర్‌కి చెప్పాలి."