గాటుకు ఆనని చేప

ఆ కొలకట్టె చేసింది నేనే. టేకు కర్రను నున్నగా చెక్కి, అడుగు పొడవు దగ్గర కత్తితో గాటు పెట్టాను. మూతి నుంచి తోక దాకా ఆ గాటుకు ఆనని చేపను మళ్లీ చెరువులో వదిలేయాలి. పోయిన ఏడాది మావాళ్లు అరచేతంత చేపపిల్లల్ని పట్టి బిచ్కుంద అంగడిలో అగ్గువ ధరకు అమ్ముకుంటే కడుపు మండి, చేపల సంఘం అధ్యక్షుడిగా ఈ తీర్మానం చేయించాను. తప్పినవాళ్ల వల కట్ట మీదే కాల్చాలి. ఏడాదిపాటు చెరువులో దిగనివ్వకూడదు. అందరూ ఒప్పుకున్నారు. నాకు వరుసకు అక్కయ్యే పెంటవ్వ కూడా వేలిముద్ర వేసింది.

ఈసారి చెరువులో చేపపిల్లలు వదలడం ఆలస్యమైంది. మే నెల వచ్చినా చేపలు గాటుకు రెండు వేళ్లు తక్కువే ఉన్నాయి. ఇంకో నెల ఆగుదామన్నాను. నీళ్లేమో వరిమళ్లకు పోయి పోయి సగం కూడా మిగల్లేదు.

ఒకరోజు పొద్దున్నే కట్ట మీదికి వెళ్తే, పెంటవ్వ మోకాటి లోతు నీళ్లలో వల లాగుతూ కనిపించింది. ఆమె భర్త, చనిపోయిన హన్మంతు బావ సొంతంగా అల్లుకున్న సన్నకన్ను వల అది. బుట్టలో ఎనిమిది చేపలున్నాయి. కొలిచి చూశాను, ఒక్కటీ ఆనలేదు.

“ఏంది అక్కా గిది?”

“మొగులు పట్టి, ఎండ లేక మూడు దినాలాయె తమ్మీ. నీళ్లు చూడు, పచ్చగ ఎట్ల చిక్కబడ్డయో. చేపలన్ని మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయ్. దమ్ము అందుతలేదు వాటికి. అందర్ని పిలువు, ఇయ్యాలనే పట్టి అమ్ముదాం.”

నీటి మీద మూతులు నిజంగానే కనిపించాయి. చూసి కూడా, దొరికిపోయి కథలు చెబుతోందనుకున్నాను. నాకు కోపమొస్తే చెవులు పనిచేయవు. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే.

“తీర్మానంల నీ ఏలిముద్ర లేదా?”

“నాది ఉన్నది. చేపలయి లేవు కద.”

ఆ ఎనిమిదింటినీ నా చేత్తోనే నీళ్లలో వదిలాను. సభ్యులను పిలిపించి వల కాల్పించాను. నైలాన్ దారం కదా, కరిగి నల్లటి ముద్దయింది. “గది మీ బావ అల్లింది తమ్మీ” అని ఒక్కసారే అంది. విననట్టే నిలబడ్డాను. ఇవాళ అక్కను వదిలేస్తే రేపు ఎవరూ ఆగరనుకున్నాను.

మర్నాడు తెల్లవారేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి. అరవై ఇళ్ల ఏడాది తిండి పొట్టలు పైకి పెట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మధ్యాహ్నానికి కంపు మొదలైంది. కబురు అందుకుని బాన్సువాడ నుంచి ఐసు పెట్టెలతో వచ్చిన బేరగాడు ఆటో దిగకుండానే వెనక్కి మళ్లాడు.

సాయంత్రం చేపల ఆఫీసరు వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని అడిగాడు.

“చేపలు మీదికి రావడం నిన్న, మొన్న ఎవరైనా చూసిండ్రా? చూసి మీకు చెప్పిండ్రా?”

మావాళ్లందరూ నా వైపు చూశారు.

“లేదు సార్. ఒక్క రాత్రిల అయిపోయింది” అన్నాను. అన్నాక నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

వల కాలిన చోట కూర్చున్న పెంటవ్వ లేచింది. నలుగురిలో నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఒడ్డున పడి ఉన్న ఒక చచ్చిన రవ్వ చేపను ఎత్తింది. అలవాటుగా నేను పట్టుకు తిరిగే కొలకట్టెను నా చేతిలోంచి తీసుకుని, మూతి నుంచి తోక దాకా పెట్టి చూసింది. ఆఫీసరుకు ఏమీ అర్థం కాలేదు. మావాళ్లకు అర్థమైంది.

“ఆనుతలేదు తమ్మీ” అంటూ చేపను నా చేతిలో పెట్టింది. “నీళ్లల్ల ఇడువు.”

అందరూ చూస్తుండగా వంగి వదిలాను.