తాళం పడిన రిపోర్టులు

ఆ రక్తపరీక్షల ల్యాబులో ఆమెను అందరూ సూదక్క అనేవారు. ఎంత సన్నటి నరమైనా ఒక్క పోటుకే దొరకబుచ్చుకునే చెయ్యి ఆమెది. ల్యాబు ఆమెదీ, తమ్ముడిదీ. మిషన్లు అతను చూసేవాడు. ముందుగదిలో కంప్యూటరు దగ్గర అతని భార్య కూర్చునేది.

సోమవారం పొద్దున్నే ఆ మరదలే కేకేసింది. "వదినా, ఒకసారి ఇటు రండి!"

రోగుల రిపోర్టులన్నిటికీ పేర్లు మారిపోయి పిచ్చిగీతల్లా ఉన్నాయి. ఏది నొక్కినా ఎర్రటి అక్షరాలు: మీ ఫైళ్ళకు తాళం వేశాం, డబ్బు పంపితేనే తీస్తాం.

"కంగారెందుకు, కాపీలున్నాయిగా," అంటూ తమ్ముడు వచ్చాడు. కాపీలుండే డిస్కు కంప్యూటరు వెనకాలే ఏళ్ళ తరబడి తగిలించి ఉంది. దానికీ తాళం పడింది. పని కాగానే పీకి బీరువాలో పెట్టాలని అతనే చెప్పేవాడు. అతనూ పెట్టలేదు.

పిలిపించిన కంప్యూటర్ మెకానిక్ వస్తూనే నెట్ వైరు పీకేశాడు. "డబ్బు మాత్రం కట్టకండి. కట్టినా తీస్తారన్న నమ్మకం లేదు. ముందు పోలీసులకి చెప్పండి," అని తన ల్యాప్‌టాప్‌లో ల్యాబు మెయిల్ తెరిచి వెతికాడు. "ఇదిగో. శుక్రవారం మధ్యాహ్నం, కొరియర్ బిల్లు పేరుతో వచ్చింది. ఎవరో నొక్కారు. అది బిల్లు కాదు."

తమ్ముడు గిరుక్కున భార్య వైపు తిరిగాడు. "నీకెన్నిసార్లు చెప్పాను? కళ్ళు నెత్తికెక్కాయా?"

"నేను తెరవలేదు."

"మరి దానంతటదే తెరుచుకుందా?"

సూదక్కకు గుర్తొచ్చింది. శుక్రవారం మరదలు భోజనానికి వెళ్ళినప్పుడు, ఒక చేతికి గ్లౌజుతోనే వచ్చి ఆ మెయిల్ నొక్కింది తానే. టెస్టు కిట్ల పార్శిల్ కోసం ఎదురుచూస్తోంది. 'మీ పార్శిల్ ఆగిపోయింది' అని కనబడగానే ముందూవెనకా చూడలేదు. ఏమీ తెరుచుకోలేదు, తనూ మరిచిపోయింది. ముగ్గురికీ ఒకటే పాస్‌వర్డు, అదీ తెర పక్కన చీటీ మీద రాసి అంటించి ఉంది. ఎవరు నొక్కారో కంప్యూటరు చెప్పదు. చెప్పాల్సింది తనే. తల వంచుకుని టెస్టుట్యూబులు సర్దసాగింది.

అంతలో డ్రాయింగు మాస్టారు వచ్చారు. "మూడేళ్ళ ప్లేట్‌లెట్ లెక్కలు కావాలమ్మా. అవి మెల్లగా తగ్గాయో, ఒక్కసారిగా తగ్గాయో చూస్తే గానీ డాక్టరుగారు ఆపరేషన్ చెయ్యనంటున్నారు."

ల్యాబువాళ్ళు విషయం చెప్పారు. ఆయన తిట్టలేదు. "మీ దగ్గర భద్రంగా ఉంటాయని నేను కాగితాలు దాచుకోలేదమ్మా," అని గోడ పట్టుకుని మెట్లు దిగారు.

మరదలు కూడా సంచి భుజాన వేసుకుంది. "రేపట్నించి నేను రాను." తమ్ముడు ఆపలేదు.

మర్నాడు సాయంత్రం దాకా సూదక్క ఓర్చుకుంది. ఇక ఆగలేక తమ్ముడి ఇంటికి వెళ్ళి, చెప్పులు విడవకుండానే అంది: "ఆ మెయిల్ నొక్కింది నేనురా."

తమ్ముడు నవ్వాడు. "మరదల్ని వెనకేసుకొస్తున్నావా అక్కా?"

"నేనేరా. తను భోజనానికెళ్ళింది అప్పుడు."

బట్టలు మడతపెడుతున్న మరదలు తలెత్తలేదు. "నాకు తెలుసు వదినా. భోంచేసి వచ్చేసరికి మౌసు మీద గ్లౌజు పౌడరు ఉంది."

"తెలిసీ చెప్పలేదేమే?" అంది సూదక్క.

"చెబితే ఈయన నమ్మేవారా? మీరే చెబుతారని చూశాను. నిన్నంతా చూశాను. ఇవాళ కూడా చూశాను."

తమ్ముడి ముఖం మాడిపోయింది. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.

వారం తర్వాత మరదలు తిరిగొచ్చింది, తన షరతులతో. చీటీ చింపేసింది. ముగ్గురికీ వేరువేరు పాస్‌వర్డులు, పైన ఫోనుకొచ్చే కోడు. రెండు డిస్కులు, ఎప్పుడూ ఒకటి బీరువాలోనే. బిల్లంటూ ఏదొచ్చినా తెరవకముందు ఆ కంపెనీకి మనమే ఫోన్ చేసి కనుక్కోవాలి.

మిషన్ల మెమరీలో నాలుగు నెలల లెక్కలు దొరికాయి. డాక్టర్ల ఫైళ్ళలోంచి మరికొన్ని ఏరుకొచ్చారు. మాస్టారి ఆపరేషన్ మూడు వారాలు ఆలస్యంగా జరిగింది. ఆయన మళ్ళీ ఆ ల్యాబు మెట్లెక్కలేదు.

రోగులందరికీ ఫోన్ చేసి చెప్పాలన్నది కూడా మరదలి షరతే. వదినా మరదళ్ళు ఎదురెదురుగా కూర్చుని జాబితా సగం సగం పంచుకున్నారు. పనికి మించి ఒక్క మాట లేదు. ఒకామె అటునుంచి అడిగింది: "నా జబ్బు సంగతి మా ఇంట్లోవాళ్ళకే తెలీదు. ఇప్పుడది ఎవరి చేతిలో ఉందండీ?"

సూదక్క ఫోన్ చెవి దగ్గర్నించి దించింది. మరదలు చెయ్యి చాచి ఫోన్ అందుకుంది.

"మాకూ తెలీదమ్మా," అంది. "తెలిసిన రోజున మీకే ముందు చెబుతాం."

ఫోన్ తిరిగి వదిన చేతికిచ్చి, తన జాబితాలో తర్వాతి నంబరు నొక్కింది.